ఓర్పుకీ ఒక కొలత ఉంది

రాత్రి రెండు దాటింది. ఆడవాళ్ల మెడికల్ వార్డు. మంచాలు నలభై. నేల మీద పరుపులు వేసి పడుకోబెట్టినవాళ్లతో కలిపితే యాభైకి పైమాటే. నర్సులు ఇద్దరు. జ్వరం తగ్గక మా అమ్మని చేర్పించి అది మూడో రాత్రి. నాకు నిద్ర పట్టక, ఎదుట బల్ల దగ్గర నిలబడి మాత్రలు సర్దుతున్న సిస్టర్ కేసి చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. కేస్ షీట్ చూడటం, స్ట్రిప్ కత్తిరించడం, చిన్న కాగితప్పొట్లంలో వేసి మంచం నెంబరు రాయడం. ఇంతలో ఎవరో వచ్చారు. "సిస్టర్, సెలైన్ అయిపోయింది, రక్తం వెనక్కొస్తోంది." వెళ్లి బాటిల్ మార్చి, ప్లాస్టర్ ముక్క చింపి దానిమీద టైము రాసి బాటిల్‌కి అంటించి వచ్చింది. లెక్క మళ్లీ మొదటినుంచి. "సిస్టర్, మా అత్తకి ఆయాసంగా ఉంది." మళ్లీ వెళ్లింది. క్యాజువాల్టీ నుంచి ఫోను, ఇంకో కేసు వస్తోందని. మంచం ఇవ్వలేదని గుమ్మంలో నిలబడి ఒకాయన గొంతు పెంచాడు. ఆ ఒక్క ట్రే సర్దడం ఆమె ఐదుసార్లు మొదలుపెట్టింది. పులిహోర ఉన్న టిఫిన్ బాక్సు మూడుసార్లు మూత తీసి మూడుసార్లూ పెట్టేసింది.

నాలుగున్నరకి మా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, చెయ్యి ఇటివ్వండి, కాస్త చురుక్కుమంటుంది" అంది. గొంతులో విసుగు లేదు. చేతివేళ్లు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. నేను చూస్తున్నానని గమనించి, "ఏం లేదక్కా, ఇది వరసగా ఐదో నైటు" అంది.

ఆ వణుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు ఎలుకల కథ చెప్పుకోవాలి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే అనే యువ శాస్త్రవేత్త కొత్త హార్మోను ఒకటి దొరుకుతుందేమోనని ఎలుకలకి రకరకాల గ్రంథుల సారం ఎక్కిస్తూ ఉండేవాడు. ఏది ఎక్కించినా మూడే మార్పులు కనిపించాయి. ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, పొట్టలో పుండ్లు పడ్డాయి. చలిలో ఉంచినా అంతే, అలసి పడిపోయేదాకా పరిగెత్తించినా అంతే. కష్టం ఏదైనా శరీరం ఇచ్చే జవాబు ఒకటేనని అతనికి అర్థమైంది. 1936లో ‘నేచర్’ పత్రికలో పేజీకి మించని చిన్న ఉత్తరంగా ఈ సంగతి అచ్చయింది. మనం ఇవాళ ఒత్తిడి అంటున్న మాటకి శాస్త్రంలో పునాది అదే. మొదట శరీరం ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, చివరికి చేతులెత్తేస్తుంది. ఈ మూడు దశలూ సెల్యే చెప్పినవే.

పొలం గట్టు మీద పాము కనబడిందనుకోండి. క్షణంలో ఎడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. కొద్ది నిమిషాల్లో వెనకాలే కార్టిసాల్ వస్తుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీకి చెబితే, పిట్యూటరీ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకి చెబుతుంది. కార్టిసాల్ దాచుకున్న చక్కెరని బయటికి తీసి కండరాలకి అందిస్తుంది. పాము వెళ్లిపోయాక అదే కార్టిసాల్ మెదడుకి ‘ఇక చాలు’ అని కబురు చేరుస్తుంది. అంతా సర్దుకుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటుకి ఉన్న షరతు ఒక్కటే, పాము వెళ్లిపోవాలి. వార్డులో అది పోదు. పది నిమిషాలకొకటి కొత్తగా వస్తుంది. పద్దెనిమిదో మంచం ఆయాసం, ఇరవై రెండో మంచం ఫిట్సు, గుమ్మంలో అరుపులు. చాలు అనే కబురు అందకుండానే ఇంకో విడత కార్టిసాల్ మొదలవుతుంది. ఇలా నెలలూ ఏళ్లూ సాగితే శరీరానికి కలిగే అరుగుదలని అమెరికన్ శాస్త్రవేత్త బ్రూస్ మెకెవెన్ 1990లలో వివరించాడు. రక్తపోటు పెరిగి అక్కడే ఉండిపోతుంది. చక్కెర అదుపు తప్పుతుంది. నిద్ర చెదురుతుంది. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది. మనసుకి వచ్చిన కష్టం, ఒంటికి వచ్చిన కష్టం అని మనం వేరుచేసి మాట్లాడుకుంటాం గానీ శరీరం దగ్గర అలాంటి రెండు ఖాతాలు లేవు.

దీనికి రాత్రి తోడవుతుంది. మన సర్కారు ఆసుపత్రుల్లో మామూలుగా నడిచే పద్ధతి ఇది: ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిది నుంచి తెల్లారి ఎనిమిది. పన్నెండు గంటల పొడుగు పూర్తిగా రాత్రి వంతుకే వచ్చింది. మెదడులో, రెండు కంటి నరాలూ ఒకదాన్నొకటి దాటే చోటుకి సరిగ్గా పైన, ఇరవై వేల నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంది. మన ఒంటి గడియారం అదే. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజాము నాలుగింటి ప్రాంతంలో ఈ గడియారం ఒంటి వేడిని బాగా దించుతుంది, చురుకుని తగ్గిస్తుంది. డ్యూటీ చార్టు ఎలా ఉన్నా అది రోజుకి గంటకి మించి జరగదు. వారం రోజులు నైటు చేయించి మర్నాటినుంచి మార్నింగ్‌కి మారిస్తే ఏ దేశమూ దాటకుండానే ఒళ్లు విమానం దిగినట్టు తూలుతుంది.

1997లో డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష పెట్టారు. మెలకువగా ఉంచిన మనుషుల పనితీరునీ, మద్యం తాగించిన మనుషుల పనితీరునీ పక్కపక్కన పెట్టి చూశారు. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషితో సమానంగా తప్పులు చేశాడు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 0.03 శాతం దాటితే బండి నడపడం నేరం. ఇప్పుడు మొదటి నైటుకి వచ్చే నర్సు రోజుని లెక్కవేయండి. పొద్దున ఆరింటికి లేస్తుంది. రాత్రి పదకొండుకే పదిహేడు గంటలు నిండుతాయి. ఆ తర్వాత ఇంకా తొమ్మిది గంటలు ఆమె ఇన్సులిన్ యూనిట్లు కొలవాలి, హెపారిన్ ఎక్కించాలి, బీపీ పడిపోతున్న మనిషిని మిగతా యాభైమందిలో గుర్తుపట్టాలి.

తెల్లారి ఇంటికి వెళ్లి పడుకుంటుందిగా అంటారు. నాకు తెలిసిన సిస్టర్ల ఇళ్లలో అలా జరగదు. తొమ్మిదిన్నరకి ఇల్లు చేరితే అంట్లు ఉంటాయి, బడినుంచి ఫోను వస్తుంది, అత్తగారికి మందులివ్వాలి, ‘పగటిపూట ఇంట్లోనే ఉన్నావుగా’ అనే మాట పడాలి. పడుకున్నా వెలుగూ ఎండా పగటి నిద్రని ముక్కలు చేస్తాయి. రాత్రి డ్యూటీలతో శరీర గడియారం చెదరడం బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది.

మాత్రల ట్రే దగ్గర నేను చూసిందానికీ కొలత ఉంది. సిడ్నీలో జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సుల వెంట ఉండి, మందులు ఇస్తున్నప్పుడు ఎన్నిసార్లు అడ్డుతగిలారో, ఎన్ని తప్పులు జరిగాయో రాసుకున్నారు. ఒక్కో అంతరాయానికీ వైద్యపరమైన తప్పులు 12.7 శాతం పెరిగాయి. ఐసీయూలో మనుషులకి తోడు యంత్రాలు కూడా పిలుస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 77 ఐసీయూ మంచాల దగ్గర ఒక నెల లెక్కపెడితే, ఒక్కో మంచం దగ్గర రోజుకి సగటున 187 సార్లు అలారం మోగింది. గుండె లయ తప్పిందని మోగిన వాటిలో పరిశోధకులు తరచి చూసినవాటిలో పదికి దాదాపు తొమ్మిది ఉత్తవే. ఉత్త అలారాలు వినీ వినీ చెవి మొద్దుబారుతుంది. మొద్దుబారిన చెవికి నిజమైన అలారం దాటిపోతే, మర్నాడు మెమో వచ్చేది నర్సుకే.

పని ఎక్కువైతే ఎవరికైనా ఒత్తిడే కదా, సర్జన్‌కి లేదా అని అడగొచ్చు. ఈ ప్రశ్నకి మంచి జవాబు రాబర్ట్ కరసెక్ అనే పరిశోధకుడు ఇచ్చాడు. 1979లో అతను అమెరికా, స్వీడన్ ఉద్యోగుల వివరాలు పరిశీలించి చెప్పింది ఇది: పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు ఎక్కువై, ఆ పనిమీద తన చెయ్యి తక్కువైనప్పుడు మనిషి కుంగిపోతాడు. సర్జన్‌కి బరువుంది, ఏది ముందు ఏది వెనక అని తేల్చే అధికారమూ ఉంది. నర్సుకి బరువు మాత్రమే ఉంది. రోగిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండేది నర్సులే. ‘ఈ పెద్దమ్మ నిన్నటిలా లేదు’ అని ముందు పసిగట్టేదీ వాళ్లే. కానీ మందు మోతాదు మార్చలేరు. స్టోర్‌లో క్యాన్యులాలు అయిపోతే తెప్పించలేరు. ఎక్స్‌రే ఎందుకు ఆలస్యమైందో వాళ్లకీ తెలియదు, తిట్లు మాత్రం వాళ్లే తింటారు. సెలవు ఎప్పుడు దొరుకుతుందో, వచ్చేవారం ఏ డ్యూటీ పడుతుందో చార్టు అతికించేదాకా తెలియదు. కరసెక్ గీసిన పటంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన గడిలో మన వార్డు నర్సు నిలబడి ఉంది. జర్మనీలో యోహానెస్ జీగ్రిస్ట్ దీనికి ఇంకో లెక్క చేర్చాడు. పెట్టిన శ్రమకి తగిన ప్రతిఫలం, గౌరవం, భద్రత రాకపోవడమే ఒక ఒత్తిడి అన్నాడు. ఒకే వార్డులో ఒకే పని చేస్తూ ఒకరు పర్మనెంటు, ఒకరు కాంట్రాక్టు, ఒకరు ఔట్‌సోర్సింగ్‌గా మూడు రకాల జీతాలు తీసుకునే చోట ఈ మాటకి వివరణ అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని, రెండొందల పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు సిఫారసుగానే మిగిలిపోయిన ఆసుపత్రులు మన పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి.

ఆ రాత్రి ఇంకొకటి కూడా చూశాను. ఐదు గంటలకి పదిహేడో మంచం మీది ముసలావిడ పోయింది. సిస్టర్ గొట్టాలు తీసింది, ముక్కులో దూది పెట్టింది, గాజుగుడ్డతో దవడ కట్టింది, కళ్లు మూసి దుప్పటి సరిచేసింది. కూతురు ఆమె భుజం మీద వాలి ఏడ్చింది. ఆయమ్మ వచ్చి పక్కబట్టలు మార్చింది. పావుగంట తిరక్కుండా అదే మంచం మీదికి కడుపునొప్పితో ఒక పిల్ల వచ్చింది. సిస్టర్ చేతులు కడుక్కుని, మొహాన నవ్వు తెచ్చుకుని, "ఏమైంది చిట్టీ?" అంది. ఆ పావుగంటలో ఆమె లోపల జరిగిన పనికి డ్యూటీ రిజిస్టర్‌లో గడి లేదు. లోపల ఉన్నది దాచి, ఉండాల్సింది మొహం మీదికి తెచ్చుకోవడం కూడా శ్రమేనని, దాన్ని యజమాని కొనుక్కుంటున్నాడని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల గురించి రాసింది. విమానంలో నవ్వు చాలు. వార్డులో ఏడుపు ఆపుకోవడం కూడా అందులో భాగమే.

ఇక్కడ మెదడు గురించి ఒక మంచి సంగతి ఉంది. టానియా సింగర్, ఓల్గా క్లిమెకి అనే పరిశోధకులు బాధపడుతున్న మనుషుల వీడియోలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేశారు. ఎదుటివాళ్ల బాధని తనదిగా పడటం నేర్పినప్పుడు మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలే వెలిగాయి, మనసు కుంగింది. తర్వాత అదే మనుషులకి కరుణ నేర్పారు. అంటే ఎదుటివాళ్లు బాగుండాలని వెచ్చగా కోరుకోవడం. అప్పుడు వెలిగిన భాగాలు మారాయి. ఆప్యాయతకీ తృప్తికీ సంబంధించినవి మేలుకున్నాయి. అంటే మనిషిని అరగదీసేది కరుణ కాదు. ఏమీ చేయలేక నొప్పిని మోస్తూ నిలబడటమే అరగదీస్తుంది. చేయాల్సింది తెలిసీ, చేయనివ్వని పరిస్థితుల్లో పడే బాధకి ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త 1984లో నైతిక వేదన అని పేరు పెట్టాడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండు పడుతుందని తెలుసు, తిప్పడానికి మనిషి లేదు. ఆ పుండుని వారం తర్వాత కడుగుతున్నప్పుడు నర్సు మనసులో ఉండేది అలసట ఒక్కటే కాదు, అపరాధభావం కూడా.

ఆ భారం మోయలేనప్పుడు మనసు తలుపు వేసుకుంటుంది. ‘బర్నౌట్’ అనే ఈ స్థితిని కొలిచే ప్రశ్నావళిని మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ 1981లో తయారుచేసింది. ఆమె చూసిన లక్షణాలు మూడు: మనసు పూర్తిగా ఇంకిపోవడం, రోగి మనిషిగా కనబడకపోవడం, ఎంత చేసినా చేసినట్టు అనిపించకపోవడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని తన వర్గీకరణలో చేర్చింది. ఒక్క విషయం స్పష్టంగా చెప్పింది, ఇది జబ్బు కాదు, అదుపు చేయని పని ఒత్తిడి నుంచి పుట్టే పరిస్థితి. నాకు ఈ తేడా చాలా ముఖ్యమనిపిస్తుంది. జబ్బయితే మందు నర్సుకి వేయాలి. పని పరిస్థితి అయితే మార్పు వార్డులో రావాలి. లండన్‌లోని ఒక బోధనాసుపత్రిలో నర్సు విద్యార్థినులకి వార్డు పనులు పంచే పద్ధతి గాడి తప్పుతుంటే సరిచేయడానికి సాయపడమని 1950లలో మనోవిశ్లేషకురాలు ఇసబెల్ మెన్జీస్‌ని పిలిచారు. అక్కడ మూడోవంతు మంది చదువు మధ్యలోనే మానేస్తున్నారు. రోగులని పేరుతో పిలవకుండా మంచం నెంబరుతోనో చెడిపోయిన అవయవంతోనో పిలవడం, ఒక రోగి దగ్గర కుదురుకోకముందే నర్సుని ఇంకో చోటికి మార్చడం ఆమె గమనించింది. దుఃఖం దగ్గరికి రాకుండా ఆసుపత్రి కట్టుకున్న గోడలు ఇవేనని తేల్చింది. గోడలు దుఃఖాన్ని ఆపలేదు, పనిలోని తృప్తిని మాత్రం ఆపేశాయి. మన వార్డుల్లో ‘ఏయ్, పదిహేడో నెంబరు’ అనే పిలుపు విన్నప్పుడు సిస్టర్‌కి పొగరనుకుంటాం. చాలాసార్లు అది పొగరు కాదు, ఆఖరి దశకి చేరిన అలసట.

భయం సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. 1973 నవంబరులో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సు అరుణా శాన్‌బాగ్ డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకోవడానికి కింది అంతస్తుకి వెళ్లింది. అక్కడి ఉద్యోగే ఒకడు ఆమె మీద దాడి చేశాడు. మెదడు దెబ్బతిని, 2015 మేలో కన్నుమూసేదాకా దాదాపు నలభై రెండేళ్లు ఆమె అదే ఆసుపత్రిలో ఉండిపోయింది. ఒక తరం నర్సులు రిటైరైతే ఇంకో తరం వచ్చి ఆమెకి నీళ్లు పోశారు, తినిపించారు. మంచం ఖాళీ చేయించాలని కార్పొరేషన్ చూస్తే అడ్డం నిలబడ్డారు. అన్నేళ్లలో ఆమె ఒంటి మీద పడకపుండు పడనివ్వలేదు. నర్సుల సేవకి ఇంతకన్నా రుజువు ఎవరూ అడగరు. కానీ నైటు డ్యూటీ నర్సుకి లోపల గడియ పడే గది, వెలుగున్న వరండా, గొడవ మొదలైతే రెండు నిమిషాల్లో వచ్చే సెక్యూరిటీ ఉన్నాయా అని అడిగితే చాలా ఆసుపత్రుల్లో జవాబు రాదు. ఏ క్షణాన ఎవరు మీదికి వస్తారోనని చెవులు రిక్కించి ఉండటం కూడా శరీరానికి పామే.

ఇన్ని తీగలనీ పట్టి లాగితే కదిలే డొంక ఒకటే: ఒక నర్సుకి ఎంతమంది రోగులు? 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, రెండు లక్షల ముప్పై వేలకి పైగా ఆపరేషన్ రోగుల వివరాలు పరిశీలించింది. నర్సు చేతికింద ఒక్క రోగి పెరిగితే, ముప్పై రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సు మనసు ఇంకిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. నర్సు కుంగుబాటూ రోగి చావూ ఒకే అంకె నుంచి పుడుతున్నాయి. కాలిఫోర్నియా 2004 నుంచి ఈ అంకెని చట్టంతో కట్టేసింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో కొన్ని ఆసుపత్రుల్లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలని నిబంధన పెట్టింది. రెండేళ్లు గడిచాక చూస్తే చావులు తగ్గాయి, డిశ్చార్జయి మళ్లీ చేరేవాళ్లు తగ్గారు. అదనపు నర్సుల జీతాలకి పెట్టిన ఖర్చుకి రెట్టింపు మిగిలింది. డబ్బు లేదు అనే మాటకి ఇంతకన్నా మంచి జవాబు నేను చూడలేదు.

మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం కూడా తక్కువదేమీ కాదు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలంటుంది. మా అమ్మ ఉన్న వార్డులో ఆ రాత్రి పాతికమందికి ఒకరు. ఒకప్పుడు హైదరాబాదులో సిస్టర్ అంటే మలయాళీ అనుకునేవాళ్లం. ఇప్పుడు మన పిల్లలు జిల్లా జిల్లాలో నర్సింగ్ చదువుతున్నారు, గల్ఫ్‌కీ బ్రిటన్‌కీ జర్మనీకీ వెళుతున్నారు. చదివినవాళ్లు లేక కాదు, పోస్టులు నింపకనే వార్డుల్లో నర్సులు చాలడం లేదు.

పోస్టులు నింపకుండా నైటు దిగిన నర్సులని కూర్చోబెట్టి ఒత్తిడి జయించడం ఎలా అని ఉపన్యాసం ఇప్పిస్తే నిద్రపోయే ఒక గంట పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. నర్సుల దినోత్సవం నాడు శాలువా కప్పి దేవత అనడం కూడా అంతే. దేవతకి ఆకలీ నిద్రా ఉండవు, అందుకే ఆ మాట అంటే బాధ్యత తీరిపోతుంది. ఖర్చు లేని చిన్న మార్పులు మాత్రం ఉన్నాయి. చార్టు నెలముందే ఇవ్వడం. వరస నైట్లు తగ్గించడం. మందుల ట్రే దగ్గర ఉన్న సిస్టర్‌ని ఎవరూ పిలవకూడదనే నియమం. వర్జీనియాలో జొనథన్ బార్టెల్స్ అనే ఎమర్జెన్సీ నర్సు, రోగి పోయినప్పుడు అక్కడున్న డాక్టర్లూ నర్సులూ అందరూ ఒక్క నిమిషం మౌనంగా నిలబడే పద్ధతి మొదలుపెట్టాడు. పదిహేడో మంచం దగ్గర ఆ నిమిషం ఉండి ఉంటే బాగుండేది.

ఇది చదువుతున్న సిస్టర్ ఎవరైనా ఉంటే, డ్యూటీ అంటే ముందురోజు నుంచే గుండె బరువెక్కుతుంటే, సెలవు రోజున కూడా నిద్ర రాకపోతే, బతుకు మీద ఆశ సన్నగిల్లితే, మీలో ఓర్పు తక్కువని అనుకోకండి. 14416కి ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, పగలూ రాత్రీ పలుకుతుంది.

మిగతా మనందరికీ ఒక విన్నపం. అమ్మనో నాన్ననో ఆసుపత్రిలో చేర్చేటప్పుడు స్కానింగ్ ఉందా, పెద్ద డాక్టరు ఎప్పుడొస్తారు అని అడుగుతాం. ఇకనుంచి ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం. రాత్రి పూట ఈ వార్డులో ఎంతమందికి ఒక నర్సు ఉంటుంది? జవాబు చెప్పేదాకా అడుగుదాం.